రెండు ముళ్ల లెక్క: పంచాంగం నుంచి పాఠ్యపుస్తకం దాకా

మూడు గంటలకూ నాలుగు గంటలకూ మధ్య గడియారంలోని రెండు ముళ్లు ఏ క్షణంలో ఒకదానిమీద ఒకటి వస్తాయి? బడిలో బీజగణితం చదివినవారెవరూ ఈ ప్రశ్నను తప్పించుకొని ఉండరు. బ్యాంకు ఉద్యోగానికో గ్రూపు పరీక్షలకో కూర్చున్నవారికి ఇది మరీ పాత పరిచయం. జవాబు 3 గంటల 16 నిమిషాలు, ఆపైన మరో నిమిషంలో పదకొండింట నాలుగు వంతులు. పన్నెండు అంకెలు, అరవై గీతలు మాత్రమే ఉన్న డయలు మీదికి ఈ పదకొండు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే, సూత్రం కంఠస్థం చేసినవారిలో చాలామంది తడబడతారు. ఆ పదకొండుకు ఒక చరిత్ర ఉంది. అది గడియారం కంటె పాతది.

ముందుగా లెక్క సంగతి. సరిగ్గా మూడు గంటలకు గంటల ముల్లు నిమిషాల ముల్లుకంటె 15 గీతలు ముందుంటుంది. గంట గడిచేసరికి పెద్ద ముల్లు 60 గీతలు నడుస్తుంది. చిన్న ముల్లు 5 గీతలే కదులుతుంది. అంటే 60 నిమిషాలలో పెద్దది చిన్నదానికంటె 55 గీతలు ఎక్కువ నడుస్తుంది. 12 నిమిషాలకు 11 గీతలు. 15 గీతల దూరాన్ని పూడ్చుకోవడానికి 15ను 12తో గుణించి 11తో భాగించాలి: 180/11, అంటే 16 4/11 నిమిషాలు. ఇంతకు మించి ఇందులో రహస్యం లేదు. ముళ్లు ఎదురెదురుగా నిలవాలంటే 15 గీతలకు మరో 30 కలపాలి; 45 గీతల తేడాను అదే విధంగా భాగిస్తే 49 1/11 నిమిషాలు వస్తుంది. లంబకోణం కావాలంటే 15 కలిపితే చాలు. 32 8/11 నిమిషాలు. ప్రశ్న ఎన్ని వేషాలు వేసినా చేయవలసిన పని ఒక్కటే. ఉన్న ఎడాన్ని వేగాల తేడాతో భాగించడం.

ఈ ప్రశ్న పుట్టడానికి మాత్రం గడియారం చాలాకాలం వేచి ఉండవలసి వచ్చింది. ఐరోపాలో యంత్ర గడియారాలు 13వ శతాబ్ది చివరలో, 14వ శతాబ్ది తొలినాళ్లలో చర్చి గోపురాల కెక్కాయి. వాటిలో కొన్నింటికి డయలే లేదు. గంట కొట్టడమే వాటి పని. డయలు ఉన్న వాటికి చాలావరకు ఒక్కటే ముల్లు. రోజుకు పావుగంట అటూ ఇటూ అయ్యే యంత్రానికి నిమిషాలు చూపే ముల్లు తగిలించడం వల్ల ప్రయోజనమూ లేదు. 1656లో హాలండ్ శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ హైగెన్స్ లోలకాన్ని గడియారానికి అమర్చిన తరువాతనే ఆ తేడా సెకన్లలోకి దిగి, నిమిషాల ముల్లుకు గౌరవం దక్కింది. ఒకే అక్షం మీద రెండు ముళ్లు తిరిగే గడియారం ఇళ్లలోకి వచ్చాకనే అవి ఎప్పుడు కలుస్తాయన్న కుతూహలానికి అవకాశం కలిగింది. కాబట్టి పాఠ్యపుస్తకంలో మనం చూసే రూపంలో ఈ లెక్క వయసు మూడున్నర శతాబ్దాలకు మించదు.

మన దేశంలో కాలాన్ని కొలిచిన సాధనం వేరు. అడుగున సన్నని రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీళ్ల మీద వదిలితే, అది నిండి మునగడానికి పట్టే కాలం ఒక గడియ; నేటి లెక్కలో 24 నిమిషాలు. తెలుగువారు దానిని గడియకుడుక అన్నారు. అహోరాత్రానికి 60 గడియలు, గడియకు 60 విగడియలు. యంత్రం మారినా గడియారం అన్న పేరులో ఆ గడియ అలాగే నిలిచిపోయింది. అయితే గడియకుడుకకు ముల్లు లేదు. అది కాలాన్ని లెక్కిస్తుందే గాని చూపదు. ఎన్నిసార్లు మునిగిందో ఒక మనిషి గుర్తు పెట్టుకొని గంట కొట్టాలి. ఎండలో నాటిన శంకువు నీడ కొంతవరకు ముల్లులాంటిదే కాని, అదీ ఒక్కటే. రెండు ముళ్లు లేనిచోట వాటి మధ్య కోణం ఉండదు. ఆ పరికరాలను మాత్రమే చూసి, ఈ లెక్క మనకు పూర్తిగా పరాయిదని అనుకోవడం సహజమే.

పరికరం నుంచి దృష్టిని ఆకాశానికి మళ్లిస్తే అభిప్రాయం మారుతుంది. అక్కడ రెండు ముళ్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉన్నాయి. సూర్యుడు నక్షత్రచక్రాన్ని ఏడాదికి ఒకసారి చుట్టివస్తే, చంద్రుడు ఇరవై ఏడు రోజుల పైచిలుకులో చుట్టివస్తాడు. చంద్రుడు పెద్ద ముల్లు, సూర్యుడు చిన్న ముల్లు. రెండూ ఒకచోట చేరితే అమావాస్య. ఎదురెదురుగా, 180 డిగ్రీల ఎడంలో నిలిస్తే పౌర్ణమి. వాటి మధ్య ఎడం 12 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఒక తిథి మారుతుంది. పంచాంగంలోని తిథి అంటే రోజు కాదు, ఒక కోణం. తిథిలో సగం కరణం, అంటే 6 డిగ్రీలు. గడియారపు డయలు మీద ఒక గీతనుంచి మరో గీతకు ఉన్న ఎడం కూడా 6 డిగ్రీలే. చాంద్రమాసంలో కరణాలు 60, డయలు మీద గీతలు 60. వృత్తాన్ని 360 భాగాలు చేసి అరవైతో విభజించిన ప్రాచీనుల అలవాటు రెండింటికీ మూలం కనుక ఈ పోలిక కేవలం యాదృచ్ఛికం కాదు. ‘నేడు తదియ ఎంతవరకు?’ అన్న ప్రశ్నకూ, ‘రెండు ముళ్ల మధ్య కోణం 36 డిగ్రీలు ఎప్పుడవుతుంది?’ అన్న ప్రశ్నకూ గణితంలో భేదం లేదు.

ఈ గణితాన్ని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ‘ఆర్యభటీయం’లో రెండుచోట్ల చెప్పాడు. గణితపాదంలోని 31వ శ్లోకం చెప్పే నియమం సారాంశం ఇది: రెండు గ్రహాలు ఎదురెదురుగా వస్తుంటే వాటి మధ్య దూరాన్ని వేగాల మొత్తంతో భాగించాలి, ఒకే దిక్కుకు పోతుంటే వేగాల తేడాతో భాగించాలి, వచ్చిన ఫలం వాటి కలయికకు పట్టే కాలం, లేదా కలయిక జరిగి గడచిన కాలం. గతాన్నీ రాబోయేదాన్నీ ఒకే నియమంలో ఇమడ్చడం గమనించదగినది. మూడూ ఇరవైకి ముళ్లు కలిసి ఎంతసేపయింది అన్న ప్రశ్నకూ ఇదే సమాధానమిస్తుంది. ఎదురెదురు గమనం ప్రస్తావన ఎందుకంటే, గ్రహాలకు వక్రగతి ఉంది. ఒకటి వెనక్కి నడిచే వేళ మరొకటి ముందుకు రావచ్చు. గడియారపు ముళ్లకు ఆ బాధ లేదు కనుక పాఠ్యపుస్తకాలకు నియమంలో సగమే చాలింది.

రెండవది కాలక్రియాపాదంలో ఉంది. ఒక యుగంలో రెండు గ్రహాలు ఎన్నిసార్లు కలుస్తాయో తెలియాలంటే వాటి ప్రదక్షిణల సంఖ్యల భేదం తీసుకోవాలని అక్కడ చెప్పాడు. ఆయన లెక్క ప్రకారం 43,20,000 సంవత్సరాల యుగంలో సూర్యుని ప్రదక్షిణలు 43,20,000, చంద్రునివి 5,77,53,336. భేదం 5,34,33,336. యుగంలో అన్నిసార్లు అమావాస్య వస్తుంది, అన్ని చాంద్రమాసాలు ఉంటాయి. ఇదే నియమాన్ని గడియారానికి అన్వయిస్తే పన్నెండు గంటలు దాని యుగం. పెద్ద ముల్లు ప్రదక్షిణలు 12, చిన్న ముల్లుది 1, భేదం 11. పన్నెండు గంటలలో ముళ్లు పన్నెండుసార్లు కాక పదకొండుసార్లే కలుస్తాయి. విద్యార్థిని తికమకపెట్టే పదకొండు ఇదే. పోలికను ఇంకొంచెం సాగదీయవచ్చు. కలియుగారంభంలో గ్రహాలన్నీ మేషాదిలో ఒక్కచోట ఉన్నాయని సిద్ధాంతకర్తలు భావించి అక్కడినుంచి లెక్క మొదలుపెట్టారు. గడియారంలో ఆ స్థానం పన్నెండు గంటలది. సెకన్ల ముల్లును కూడా చేర్చుకుంటే మూడు ముళ్లూ కలిసేది ఆ ఒక్క క్షణంలోనే. మిగతా పది కలయికల్లో ఒక్కదానికీ మూడవ ముల్లు హాజరు కాదు.

క్రీ.శ. 629లో ‘ఆర్యభటీయం’పై భాష్యం రాసిన మొదటి భాస్కరుడు ఈ నియమాన్ని ఆకాశం నుంచి బాటమీదికి దించాడు. వలభీ పట్టణం నుంచి ఒకడు రోజుకు ఒకటిన్నర యోజనాల చొప్పున బయలుదేరాడు, ఎదురుగా మరొకడు రోజుకు ఒకటింబావు యోజనాల చొప్పున వస్తున్నాడు, నడుమ దూరం 18 యోజనాలు, ఎప్పుడు కలుసుకుంటారు? వేగాల మొత్తం రెండుంముప్పావు. 18ని దానితో భాగిస్తే 6 6/11 రోజులు. ఇక్కడ కూడా పదకొండే తేలడం కాకతాళీయం. అయినా ఈ లెక్క చేసి అర్థం చేసుకున్నవాడికి గడియారం లెక్క కొత్తది కాదు. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, క్రీ.శ. 850 ప్రాంతాన ‘గణితసారసంగ్రహం’ రచించిన మహావీరాచార్యుడు కూడా బాటసారుల కలయిక లెక్కలను చేర్చాడు. ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చిన పావులూరి మల్లన తెలుగులో గణితకవులకు ఆద్యుడు. జైన సందర్భాలున్న చోట శైవ సందర్భాలు పెట్టి, దానిని తెలుగునేల గ్రంథంగా తీర్చిదిద్దాడు. శాస్త్రాన్ని అనువదించడమంటే మాటలు మార్చడం మాత్రమే కాదని ఆయనకు తెలుసు. 1912లో ఎం. రంగాచార్య మహావీరుని సంస్కృత మూలాన్ని ఆంగ్లానువాదంతో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం ద్వారా వెలువరించాకనే ఆధునిక విద్వాంసుల దృష్టి ఈ సంప్రదాయంపై నిలిచింది.

ఇంతమాత్రాన గడియారం లెక్కను పడమటివారు మననుంచి తీసుకున్నారని చెప్పడం సాహసం అవుతుంది. ముందున్నవాడిని వెనకనున్నవాడు ఎప్పుడు అందుకుంటాడన్నది ఏ నాగరికతకైనా తోచే ప్రశ్నే. చైనావారి ‘తొమ్మిది అధ్యాయాల’ గణితగ్రంథంలో కుందేలును తరిమే కుక్క ఉంది. 8వ శతాబ్దికి చెందిన ఆల్క్విన్ పేర ఐరోపాలో చలామణీ అయిన లెక్కల సంపుటిలోనూ అదే కుక్క, అదే కుందేలు. పైగా మన జ్యోతిషంలోని లిప్త, కేంద్రం, హోర అన్నవి గ్రీకు మాటలు. డిగ్రీలో అరవయ్యో భాగమైన లిప్త తెలుగులో ‘లిప్తకాలం’గా మారి రెప్పపాటుకు పర్యాయమైంది. కోణాన్ని కొలిచే మాటే కాలాన్ని కొలిచే మాట కావడం ఇక్కడా జరిగింది, ఐరోపా భాషల్లోనూ జరిగింది. ఎవరు ఎవరికి ఇచ్చారన్న తగవు కంటె, మనకున్నదాన్ని మనమే ఎలా గుర్తించలేకపోయామన్న సంగతి చరిత్రకారుడికి ఎక్కువ పని కల్పిస్తుంది.

గ్రహాల కలయిక నియమం వెనువెంటనే, గణితపాదం చివరి రెండు శ్లోకాలలో ఆర్యభటుడు కుట్టకాన్ని చెప్పాడు. ఒక సంఖ్యను వేరువేరు భాజకాలతో భాగిస్తే మిగిలే శేషాలనుబట్టి ఆ సంఖ్యను కనుగొనే పద్ధతి అది. గ్రహం ఇప్పుడున్న చోటునుబట్టి యుగాదినుంచి ఎన్ని రోజులు గడిచాయో తేల్చడానికి జ్యోతిషులు దానిని వాడారు. గడియారంలో దీనికి సరితూగే ప్రశ్న ఒకటుంది. గంటల ముల్లు సరిగ్గా మూడుమీద, నిమిషాల ముల్లు సరిగ్గా ఆరుమీద ఉన్న గడియారం బొమ్మను ఎవరైనా గీయవచ్చు. సరిగా నడిచే ఏ గడియారమూ ఆ స్థితికి రాదు. మూడున్నరకు చిన్న ముల్లు మూడు నాలుగుల నడుమకు చేరి ఉండాలి. చిన్న ముల్లు ఉన్న చోటే పెద్ద ముల్లు చోటును నిర్ణయిస్తుంది. అలాంటప్పుడు రెండు ముళ్లను ఒకదాని స్థానంలో మరొకటి పెట్టినా సరైన సమయమే చూపే స్థితులు ఎన్ని? పత్రికా రచయిత మొష్కోవ్‌స్కీ అనారోగ్యంతో పడుకుని ఉన్న ఐన్‌స్టీన్‌ను ఈ ప్రశ్న అడిగాడని, ఐన్‌స్టీన్ అక్కడికక్కడే విప్పాడని ఒక కథ ఉంది. యాకోవ్ పెరెల్మాన్ తన బీజగణిత వినోద గ్రంథంలో దానిని చెప్పి ప్రచారంలోకి తెచ్చాడు. జవాబు 143. పన్నెండును పన్నెండుతో గుణించి ఒకటి తీసివేయాలి. అందులో 11 స్థితులు ముళ్లు కలిసి ఉన్నవే కనుక మార్చినా మార్చకపోయినా ఒకటే. తక్కిన 132 మాత్రమే నిజమైన తారుమారు స్థితులు. శేషాలతో చేసే ఈ విచారం కుట్టకం తెలిసిన జ్యోతిషికి పరిచితమైన బాటే.

గడియారానికీ ఆకాశానికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది, దానిని దాచకూడదు. ముళ్లు సమవేగంతో నడుస్తాయి, చంద్రుడు అలా నడవడు. సగటు లెక్కన తిథి పరిమాణం 59 గడియల 4 విగడియలకు కాస్త తక్కువ. వాస్తవంలో అది 54 గడియలకు తగ్గవచ్చు, 65 గడియలకు పెరగవచ్చు. అందువల్ల పంచాంగకర్త ఒక్క భాగహారంతో ఊరుకోలేడు. ఆ పూట వేగాలు తీసుకొని కలయిక కాలాన్ని అంచనా కట్టి, ఆ కాలానికి స్థానాలనూ వేగాలనూ సవరించి, తిరిగి భాగించి, ఫలం నిలకడ చెందేదాకా చేస్తాడు. దీనికి అసకృత్కర్మ అని పేరు. పదే పదే చేసే క్రియ అని అర్థం. ఆ శ్రమ ఎంత దూరం పోయిందో 1825లో మద్రాసులో అచ్చయిన జాన్ వారెన్ గ్రంథం ‘కాలసంకలిత’ సాక్ష్యమిస్తుంది. దక్షిణాది ప్రజలు కాలాన్ని విభజించే పద్ధతులను వివరించిన ఆ గ్రంథంలో తెలుగువారి చాంద్రమానమూ చర్చకు వచ్చింది. పుదుచ్చేరి ప్రాంతపు పంచాంగకర్త ఒకరు కాగితం, కలం ముట్టకుండా, నేలమీద గవ్వలు పేర్చుకుంటూ, కంఠస్థమైన వాక్యాల సాయంతో చంద్రగ్రహణ కాలాన్ని లెక్కకట్టడం వారెన్ కళ్లారా చూశాడు. గ్రహణారంభం విషయంలో ఆయన లెక్క తప్పినది కొద్ది నిమిషాలే. చంద్రగ్రహణం అంటే రెండు ముళ్లు ఎదురెదురుగా నిలిచే క్షణమే. ఆ లెక్క చేసిన మనిషికి తన పద్ధతి వెనుక ఉన్న సిద్ధాంతం తెలియదని వారెన్ అభిప్రాయం. ఆ మాటలో పాలకుడి చులకన కొంత ఉండవచ్చు, నిజమూ కొంత ఉండవచ్చు.

ఎందుకంటే ఈ విద్య అందరిదీ కాదు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ వీధిబడులపై ప్రభుత్వానికి నివేదిక పంపాడు. పిల్లలు ఎక్కాలు, భిన్నాలు, కొలతలు, లెక్కాడొక్కా నేర్చుకుంటున్నారని, అదే సమయంలో అర్థం తెలియని పద్యాలను వల్లెవేస్తున్నారని ఆయన రాశాడు. 1826 నాటి మన్రో నివేదిక ప్రకారం మద్రాసు రాజధానిలో 12,498 బడులు, వాటిలో 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. సంఖ్య తక్కువది కాదు. కాని కోమటి కొట్టుకు, కరణం కచేరీకి పనికివచ్చే గణితం వీధిబడిది. గ్రహగణితం అగ్రహారాలలోని కొన్ని కుటుంబాలది. ఒకే ఊళ్లో రెండు అరుగులమీద రెండు గణితాలు నడిచాయి. అర్థం తెలియకుండా వల్లెవేసే అలవాటును ఇంగ్లీషు చదువే మోసుకొచ్చిందనే వాదం ఈ నివేదిక ముందు నిలవదు.

గడియారం లెక్క మన బడులలోకి వచ్చింది 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వెలిసి, పరీక్షలకు ఒక క్రమం ఏర్పడ్డాక, ఇంగ్లండులో రాసిన అంకగణితాలు, బీజగణితాలు ఇక్కడి ఉన్నత పాఠశాలలకు ప్రమాణమయ్యాయి. బర్నార్డ్ స్మిత్, టాడ్‌హంటర్, 1885 తరువాత హాల్ – నైట్ అన్న పేర్లు రెండు మూడు తరాల విద్యార్థులకు ఇంటిపేర్లంత పరిచితం. తొట్టి నింపే గొట్టాలు, ఎదురెదురు రైళ్లు, ఏటికి ఎదురీదే పడవ, గడియారపు ముళ్లు అన్నీ ఆ కోవలోని లెక్కలే. అప్పటికి తెలుగునాట ఎన్నో ఇళ్లలో గడియారమే లేదు. డయలును ఊహించుకుంటూ విద్యార్థి ఆ లెక్క చేశాడు. ఊహించుకోనక్కరలేని ఉదాహరణ, తన తాతో పొరుగింటి సిద్ధాంతిగారో చేతబట్టుకొనే పంచాంగంలో ఉందని ఆ పుస్తకాలు చెప్పలేదు. రాసినవారికి ఆ సంగతి తెలిసే అవకాశం తక్కువ. 1817లోనే కోల్‌బ్రుక్ బ్రహ్మగుప్త, భాస్కరాచార్యుల గణితాన్ని ఇంగ్లీషులో అచ్చువేయించినా అది పండితుల బల్లదాటి బడి పలకకు చేరలేదు. ఇక్కడ ఆ పుస్తకాలు బోధించినవారికి మాత్రం తెలిసి ఉండవలసింది. ఉదయం పంచాంగ శ్రవణం చేసి, పదిగంటలకు బడిలో టాడ్‌హంటర్ చెప్పే ఉపాధ్యాయుడు ఆ కాలానికి అరుదు కాదు.

రెండింటి నడుమ వంతెన కట్టిన వారు లేకపోలేదు. మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి ఆధునిక పరిశీలనలకు అనుగుణంగా దృగ్గణిత పంచాంగాలు వెలువరించాడు; 1874 శుక్రగ్రస్తం గురించి దేశభాషలలో చిన్న పుస్తకం రాసి, జనం దృష్టిని ఆకాశంవైపు మళ్లించాడు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో నక్షత్రశాల నెలకొల్పగా, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అక్కడినుంచే 1874 శుక్రగ్రస్తాన్ని పరిశీలించాడు. శుక్రగ్రస్తం సైతం రెండు ముళ్లు ఒకదానిమీద ఒకటి పడే సంఘటనే కదా. కాని ఇవి విద్యావంతులైన సంపన్నుల ఉద్యమాలు. పాఠ్యప్రణాళికను అవి కదిలించలేదు.

ఈలోగా గడియారం వీధికెక్కింది. 1889లో హైదరాబాదు చార్మినారు నాలుగు ముఖాలకు గడియారాలు అమర్చారు. రైళ్లు అంతవరకు మద్రాసు సమయాన్ని అనుసరించేవి. 1906 జనవరి 1 నుంచి 82 1/2 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా దేశానికి ప్రామాణిక సమయం ఏర్పడింది. ఆ రేఖ తెలుగునేల మీద కాకినాడ దాపున సాగుతుంది. స్థానిక సూర్యోదయం నుంచి గడియలు లెక్కించే పంచాంగానికీ, ఎక్కడో గీసిన రేఖనుబట్టి నడిచే గడియారానికీ అప్పటినుంచి రోజూ పొత్తు కుదర్చవలసి వచ్చింది.

పొత్తు కుదరనప్పుడు ఏమవుతుందో ప్రభుత్వ శాఖలకు బాగా తెలుసు. ఒక పంచాంగం ప్రకారం పండుగ నేడు, మరొక దాని ప్రకారం రేపు. సెలవు ఏ రోజు ప్రకటించాలి? ఈ వివాదాలలో కొన్ని ధర్మశాస్త్ర నిర్ణయానికి సంబంధించినవి. తక్కినవి శుద్ధంగా రెండు ముళ్ల లెక్కకు సంబంధించినవి. చంద్రుడు సూర్యునికంటె ఫలానా కోణం ముందుకు ఏ క్షణంలో చేరాడన్నదే అక్కడ ప్రశ్న. పాత సిద్ధాంతాల చంద్రగతిలో కొన్ని సంస్కారాలు లేనందువల్ల తిథ్యంతాలు దృగ్గణితంతో పోలిస్తే కొన్ని గంటలవరకు తేడా పడతాయి. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడి 1955లో నివేదిక సమర్పించిన పంచాంగ సంస్కరణ సంఘం ఈ అవ్యవస్థనే పరిశీలించింది. దాని సిఫారసుల ఫలితంగా 1957 మార్చి 22న, శక సంవత్సరం 1879 చైత్రం 1న, జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. గణనకు కేంద్రంగా 82 డిగ్రీల 30 లిప్తల రేఖాంశాన్నీ, ఉజ్జయిని అక్షాంశాన్నీ తీసుకున్నారు. ప్రామాణిక సమయపు రేఖ, సిద్ధాంతకర్తల ఉజ్జయిని ఒకే బిందువు దగ్గర కలిశాయి. రాష్ట్రీయ పంచాంగం తెలుగుతో సహా పలు భాషలలో వెలువడుతూ వచ్చింది. ప్రభుత్వ లావాదేవీలలో దాని తేదీ స్థిరపడింది; పండుగల విషయంలో ఇంటిల్లిపాది నమ్మకం ఇంకా తమ సిద్ధాంతిగారి మీదనే.

1968లో తెలుగు అకాడమి ఏర్పడి, పై తరగతుల శాస్త్రగ్రంథాలు తెలుగులో రావడం మొదలయ్యాక, సాపేక్ష వేగం, సమీకరణం, అంతరం వంటి మాటలు తెలుగు మాధ్యమం విద్యార్థికి అందుబాటులోకి వచ్చాయి. వాటిలో చాలావరకు సిద్ధాంత గ్రంథాల సొత్తే. పదజాలం తిరిగి వచ్చింది కాని, ఉదాహరణ రాలేదు. పోటీపరీక్షల మార్గదర్శక గ్రంథాలలో ‘గడియారాలు’ ఒక అధ్యాయం, ‘క్యాలెండరు’ దాని పక్క అధ్యాయం. మొదటిదానిలో ఉన్నది ఒక సూత్రం: గంటల సంఖ్యను 30తో, నిమిషాల సంఖ్యను 11/2తో గుణించి, తేడా తీయండి. నిమిషానికి పెద్ద ముల్లు 6 డిగ్రీలు, చిన్న ముల్లు అర డిగ్రీ నడుస్తాయి కనుక వాటి తేడా ఐదున్నర డిగ్రీలని ఒక వాక్యం చేర్చిన పుస్తకాలు ఉన్నాయి; చేర్చనివి ఎక్కువ. నిమిషంలో నాలుగు ప్రశ్నలు చేయవలసిన అభ్యర్థికి ఆ వాక్యం చదివే తీరిక లేదని రచయితల సమాధానం. ప్రశ్న కొంచెం రూపు మార్చి, గంటకు రెండు నిమిషాలు వెనకబడే గడియారమనో, అరవై ఐదు నిమిషాలకొకసారి ముళ్లు కలిసే గడియారమనో అడిగేసరికి సూత్రం చేతులెత్తేస్తుంది. నిజానికి సరిగా నడిచే గడియారంలో ముళ్లు 65 5/11 నిమిషాల కొకసారి కలవాలి. అరవై ఐదుకే కలిస్తే అది తొందరపడే గడియారం. పన్నెండు గంటలను పదకొండుతో భాగించడం తెలిసిన పిల్లవాడు ఇంత మాత్రం తనంతట తేల్చుకోగలడు. రెండవ అధ్యాయంలో ఫలానా తేదీ ఏ వారమో చెప్పమంటారు. ఏడుతో భాగించి శేషం చూడడం, అహర్గణం కట్టిన జ్యోతిషి తొలి మెట్టు. తిథి ప్రస్తావన మాత్రం ఆ రెండు అధ్యాయాలలో ఎక్కడా ఉండదు.

ఇక తెలుగువారి గోడ క్యాలెండరులో తేదీ గడి కింద సన్నని అక్షరాలతో ఆనాటి తిథి ఎంతవరకు ఉందో అచ్చువేస్తారు. ఒకప్పుడు అక్కడ గడియలు, విగడియలు ఉండేవి. తరువాత గంటలు, నిమిషాలు వచ్చాయి. చాలా క్యాలెండర్లలో గడియలు కనబడడం మానేశాయి.